ఎండ పడని సెంటు

సాన్ లియో మరీనా,
మే 2, 1973

చెల్లి ఎర్సీలియాకి,

నువ్వు పంపిన సీసా చేరింది. మూత పగల్లేదు, చుక్క కారలేదు. తెచ్చిన మన ఊరి కుర్రాడు తూరికి కడుపునిండా భోజనం పెట్టి పంపించాను. అంతవరకూ బాగానే ఉంది. ఆ తరవాతే నాకు ఒళ్లు మండింది.

ముందు అట్టపెట్టె మీద బొమ్మ సంగతి. ఆ తెల్లపిల్ల ఎవరే? ఇసకలో కాళ్లు చాపుకుని కూర్చుంది. ఒళ్లో బుట్ట, బుట్టలో నారింజలు! నారింజలకీ ఆ సీసాలో ఉన్న మన తోట బెర్గమోట్ నిమ్మనూనెకీ ఏమన్నా సంబంధం ఉందా? మూత తియ్యగానే మీ బావ పెరట్లోంచి అరిచాడు, "ఇప్పుడు బెర్గమోట్ ఎవరు పిండుతున్నారు? కాపు అయిపోయిందిగా!" అని. అంత దూరానికి తెలిసింది. బొమ్మ వేసినవాడికి తెలియలేదు.

రెండోది పేరు. 'ఆకుపచ్చ పడవ' అట. మన లియో మామయ్య జన్మలో ఆకుపచ్చ పడవ చేశాడా? అన్నీ నీలమే, అంచున తెల్ల గీత. ఆ రంగు వేరేవాళ్లు వేస్తే కూడా ఊరుకునేవాడు కాదు.

మూడోది నేను క్షమించను. లోపల మడతపెట్టిన కాగితం అక్కడి భాషలో ఉంటే మన టీచరమ్మ చేత చదివించాను. "శ్రీ దెల్కసాన్ గారు దక్షిణ తీరంలో ఒంటరిగా విహరిస్తూ కనుగొన్న పరిమళం" అని ఉందట. ఎప్పుడు విహరించాడు? ఏ రైలుకి దిగాడు? ఎవరింట్లో తిన్నాడు? ఈ ఊళ్లోకి కుక్క వచ్చినా నాకు తెలుస్తుంది. ఆ కాగితం అంతా వెతికించాను, ఎక్కడా నీ పేరు లేదు. మల్లెపూలు కోయడానికి సరిహద్దు దాటి, సెంట్లు చేసే ఆ గ్రాస్ ఊరికి వెళ్లిన పిల్లవి, ఆ గాజు గొట్టాల గదిదాకా ఎక్కడానికి ఎంత కష్టపడ్డావో నాకు తెలుసు. సెంటు నీది, విహారం ఆయనదా?

వాసన గురించి అడిగావు. ముందు బెర్గమోట్ చురుక్కుమని తగిలింది. కాసేపటికి అది తగ్గి మామయ్య కొట్టం వచ్చింది. రంపపు పొట్టు, తడి చెక్క, దాని వెనకాల సముద్రం. నేను ఏడవలేదు. మీ బావ ఏడిచాడనీ చెప్పను, ముక్కు చీదుకున్నాడంతే.

సీసా మా పిల్ల పినా తీసేసుకుంది. జూలైలో బ్రూనో వాళ్లు తాంబూలాలకి వస్తున్నారు కదా, అప్పటికని దాస్తానంది. చూస్తే రోజూ మూత తీస్తూనే ఉంది.

నీ పేరు వెయ్యమని మీ కంపెనీ దొర ఆ దెల్కసాన్‌ని అడుగు. అడగకపోతే నేను రాస్తాను.

నీ అక్క,
కొన్సోలాత


గ్రాస్,
మే 14, 1973

అక్కా,

నీ ఉత్తరం చదువుతూ పగలబడి నవ్వాను. మా గదిలో వాళ్లు ఏమైందని అడిగారు. బావ అరిచిన మాట చెబితే, ఒక ముసలాయన "ఇంతకన్నా మంచి మెప్పు నీకు ఈ జన్మలో రాదు" అన్నాడు.

పేర్లు వెయ్యరక్కా. ఇక్కడ ఎవరి పేరూ వెయ్యరు. కోపం రావడం మానేసి చాలాకాలమైంది. నారింజలకి మాత్రం నాకూ కోపమే వచ్చింది. బెర్గమోట్ ఎవరికీ తెలియదు, నారింజ అందరికీ తెలుసు, అమ్మకానికి అదే మంచిదన్నారు. పడవ రంగు కూడా సీసా రంగుకి కలవాలనే.

అయినా లోపలిది నాదే. మొదట మన తోట నూనె, ఎంత పడితే అంత పట్టించాను. కింద దేవదారు, ఇంకా కింద వట్టివేరు. ఉప్పుగాలి ఎలా తేవాలో తెలియక ఎన్ని పారబోశానో లెక్కలేదు. చివరికి తోటగట్టు దిగి కొట్టం వెనక్కి వెళ్లినప్పుడు మొహానికి కొట్టే గాలి ఒకరోజు గాజు గొట్టంలో దొరికింది. ఆ రోజు మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికెళ్లి పడుకున్నాను.

ఒక ముఖ్యమైన సంగతి. తూరికి నోటితో చెప్పి పంపాను, చెప్పాడనుకుంటాను. ఈ సెంటు ఒంటికి రాసుకుని ఎండలోకి వెళ్లకూడదు. మన నూనెకి ఆ గుణం ఉంది కదా, ఎండ తగిలితే చర్మం కమిలి నల్లబడుతుంది. పినాని రుమాలుకో, లంగా అంచుకో రాసుకోమను. మెడకి వద్దు. ఈ మాట పెట్టె మీద అచ్చు వెయ్యమని దెల్కసాన్‌ని అడిగాను. నవ్వాడు. "సముద్రం పేరు చెప్పి అమ్ముతూ నీడలో కూర్చోమంటామా, అమ్మాయ్?" అన్నాడు. మళ్లీ అడుగుతాను.

తాంబూలాలకి రాలేను. పినాకి నా ముద్దులు.

ఎర్సీలియా


సాన్ లియో మరీనా,
జూలై 8, 1973

ఎర్సీలియాకి,

ఇక్కడ మేమెవరమూ క్షేమంగా లేము.

మే నెలలో నువ్వు రాసిన ఉత్తరం తపాలావాళ్ల సమ్మె పుణ్యమా అని మొన్న చేరింది. మొన్న! తూరిని పట్టుకుని నిలదీశాను. "అవునొదినా, ఎండ గురించి ఏదో చెప్పింది, వడదెబ్బ జాగ్రత్త అందనుకున్నా" అంటాడు. వాడికి నేను వండి వడ్డించాను చూడు, నా చేతులనాలి.

పోయిన నెల సాన్ జొవాన్ని పండగనాడు పినా స్నేహితులతో సముద్రానికి వెళ్లింది. చెవుల వెనకా, మెడకీ నీ సెంటు పూసుకుని పొద్దస్తమానం ఎండలో ఉంది. మొదట ఎర్రగా కమిలింది. తరవాత నల్లబడింది. ఊరికే నల్లబడితే పోనీ అనుకుందును. చెవి కింద నుంచి భుజం దాకా, చుక్క జారినట్టు జారినట్టు మచ్చలు. వేళ్లు నొక్కినట్టున్నాయని ఒకామె అంది. ఇంకో ఆమె అంతకన్నా పాడుమాట అంది. అది ఉత్తరంలో రాయను, నువ్వు ఊహించుకో.

బ్రూనో తల్లి సెరఫీనాకి ఆ మాట చేరడానికి ఎంతసేపు పడుతుంది? చర్చి మెట్ల మీదే నన్ను ఆపింది. "పిల్ల మెడకి రుమాలు కట్టుకుని తిరుగుతోందట, ఎండాకాలంలో చలేమిటొదినా?" అంది. సెంటు అని చెప్పాను. "సెంటు రాస్తే వాసనొస్తుంది కానీ మచ్చలొస్తాయా?" అని పక్కనున్న వాళ్ల వంక చూసి నవ్వింది. తాంబూలాలు ప్రస్తుతానికి వద్దన్నారు.

బ్రూనో వచ్చాడు, కిటికీ దగ్గరకి. "నాకు నీ మీద నమ్మకమే పినా, మా అమ్మ కోసం ఒక్కసారి డాక్టరమ్మకి చూపించుకో" అన్నాడట. పినా కిటికీ మూసేసింది. అన్నం తినదు, బయటికి రాదు.

కాయలు వలిచీ పిండీ మా చేతులు ఎప్పుడూ మచ్చలే, నాకు తెలియదా? కానీ బంగారు మూత పెట్టి అమ్మేదాంట్లో ఆ గుణం మీరంతా తీసేసి ఉంటారనుకోమూ? మీరు చదువుకున్నది ఇంకెందుకే? తెలిసి తెలిసి అమ్మేవాళ్లని ఏమనాలి? తెలిసి చేసిపెట్టేవాళ్లని ఏమనాలి?

కొన్సోలాత


గ్రాస్,
జూలై 19, 1973

అక్కా,

పినాకి చెప్పు, ఆ మచ్చలు పోతాయి. నెలలు పడుతుంది కానీ పోతాయి. అంతవరకు ఎండ తగలనివ్వొద్దు.

ఇక్కడా మొదలైంది. సముద్రపు ఒడ్డున కాన్ ఊళ్లో ఉన్న మా దుకాణానికి రోజూ ఆడవాళ్లు మెడలు చూపించుకుంటూ వస్తున్నారు. ఒకావిడ సీసా తెచ్చి అద్దాల బల్ల మీద పగలగొట్టిందట. నేను దెల్కసాన్ గదికి వెళ్లాను. "అచ్చు వెయ్యమని ముందే చెప్పాను కదండీ" అన్నాను. "ఎండాకాలం అయిపోనీ, ఎవరికీ గుర్తుండదు" అన్నాడు. నాకు ఎంత రోషం వచ్చిందో నీకు చెప్పలేను. అయినా ప్రస్తుతానికి నోరు మూసుకుని ఉండదలిచాను. ఇప్పుడు అరిస్తే బయటికి పొమ్మంటాడు, ఆ తరవాత పెట్టె మీద ఆ ఒక్క వాక్యం వేయించే మనిషే ఉండదు.

ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. పినా మాట నమ్మడానికి డాక్టరు కావలసి వచ్చిన కుర్రాడికి పినాని ఎందుకివ్వడం? ఆలోచించు.

ఎర్సీలియా


సాన్ లియో మరీనా,
ఆగస్టు 14, 1973

దెల్కసాన్ గారి పరిమళ నిపుణురాలికి,

పెళ్లి చేసుకోని దానివి, పిల్లని ఎవరికివ్వాలో నాకు పాఠం చెప్పావు. దానికి జవాబు రాద్దామనే కూర్చున్నాను. ఇప్పుడు అంతకన్నా పెద్దది వచ్చి పడింది.

మన తోటల రైతుసంఘం నుంచి మీకు పంపిన నూనె డబ్బాలు తిరిగొచ్చేశాయి. రైలు స్టేషన్లో రాగి డబ్బాలన్నీ ఎండలో పడేసి పోయారు. సంఘం పెద్ద దెమెత్రియో గారు అందర్నీ గానుగ దొడ్లోకి పిలిచి మీ కంపెనీ వాళ్ల మాట చదివి వినిపించారు. నూనెలో కల్తీ ఉందట. అందువల్లే జనానికి చర్మం పాడైందట. "ఇది మా పరిమళ నిపుణుల అభిప్రాయం" అని రాశారు. ఇకమీదట మన నూనె కొనరట. పేపరువాళ్లకి కూడా ఇదే చెప్పారట.

కల్తీ! అర్ధరాత్రి దాకా చేతులు పుళ్లు పడేలా పిండిన నూనెలో కల్తీ! మీ బావ దొడ్లో చివరిదాకా నిలబడ్డాడు. టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని, ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

దెమెత్రియో గారు కాగితం మడిచి నా వంక చూశారు. "నిపుణులంటే ఎవరమ్మా, మీ చెల్లెలేగా?" అన్నారు. తిరిగొస్తుంటే ఆడవాళ్లు దారి ఇచ్చారు. గౌరవానికి కాదు, నా గౌను అంచు తగలకూడదని.

నోరు మూసుకుని ఉంటానని నువ్వే రాశావు. ఆ మాట నీ చేతిరాతలో నా దగ్గరుంది. నోరు మూసుకున్నది ఇందుకా? నీ కొలువు నిలవడానికి మా అందరి మొహాన దొంగలని రాశావా? మీ దొర తీరం వెంట విహరించాడు, నువ్వు తీరాన్నే అమ్మేశావు.

చెల్లీ అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

కొన్సోలాత


గ్రాస్,
ఆగస్టు 23, 1973

అక్కా,

నువ్వు రాయకపోయినా నేను అక్కా అనే రాస్తాను, తిట్టడానికైనా ఒక పిలుపుండాలి.

దెమెత్రియో చదివాడు, నువ్వు నమ్మేశావు. చిన్నప్పటి నుంచీ నన్ను ఎరిగినదానివి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "ఇది నువ్వు చేశావా?" అని అడగొచ్చు కదా? అడగలేదు. తీర్పు రాసి పంపావు. బ్రూనో నయం, కనీసం కిటికీ దగ్గరకొచ్చి అడిగాడు.

నేను చెప్పలేదు. నూనె కల్తీదని చెప్పమని నన్ను పిలిపించారు. దెల్కసాన్ బల్ల దగ్గర కుర్చీ వేసి, కాఫీ ఇప్పించి మరీ అడిగాడు. "నాలుగు మాటలు, ఎర్సీలియా. ఎక్కడో దక్షిణాన ఊరు, ఎవరికి నష్టం?" అన్నాడు. "ఆ ఊరు మాదండీ" అన్నాను. "ఆ నూనె కల్తీదైతే మచ్చలే వచ్చేవి కావు. శుద్ధమైనది కాబట్టే వచ్చాయి. ఆ సంగతి మీకూ తెలుసు" అన్నాను. కాఫీ అలాగే వదిలేసి వచ్చాను. మర్నాడు నా గదికి కొత్త తాళం వేసి ఉంది. నా తెల్లకోటు కూడా లోపలే ఉండిపోయింది. ఆ తరవాత ఎవరిచేత చెప్పించారో, అసలు ఎవరిచేతా చెప్పించలేదో నాకు తెలియదు.

ఇప్పుడు ఒక పని చెయ్యి. తోటలో పచ్చికాయలు ఉంటాయిగా, కొమ్మలూ ఆకులతో సహా కోసి ఒక బుట్టెడు పంపు. ఎవరి చేతైనా సరే, తూరి చేత మాత్రం వద్దు. త్వరగా పంపు. ఎండ తగ్గిపోతోంది.

ఎర్సీలియా


సాన్ లియో మరీనా,
ఆగస్టు 31, 1973

ఎర్సీలియాకి,

కాయలా? ఎందుకు? నూనె అయింది, ఇప్పుడు చెట్టు మీద కాయలో కూడా కల్తీ ఉందేమో చూడాలా? నీ మాట దెమెత్రియో గారికి చెప్పాను. "ఏ కాగితం మీద సంతకం పెట్టడానికమ్మా ఆ కాయలు?" అన్నారు. పచ్చికాయ కోయడం పాపమని, కాపు పోతుందని మీ బావ అన్నాడు. అన్నాక తోటలోకెళ్లి అక్కడే కూర్చున్నాడు.

కొత్త తాళం సంగతి నమ్మాలని ఉంది. నమ్మితే బాగుండునని కూడా ఉంది. కానీ సరుకు స్టేషన్లో ఎండుతుంటే నమ్మకం ఎవరికి వడ్డించను?

పినా నీ ఉత్తరం చదివి నాతో పోట్లాడింది. "అందరూ నన్నన్నట్టే నువ్వు పిన్నిని అంటున్నావమ్మా" అంది. ఆ పిల్లకి నోరు ఎక్కువైంది.

కొన్సోలాత


గ్రాస్,
సెప్టెంబరు 8, 1973

అక్కా,

అరటిపండు ఒలిచినట్టు చెబుతాను, విను.

డబ్బాలో నూనె కల్తీ అనొచ్చు. సీసాలో సెంటు కల్తీ అనొచ్చు. కొమ్మకి ఆకులతో వేలాడే కాయలో ఎవరూ ఏమీ కలపలేరు. ఆ కాయ తొక్క అందరి ముందూ గిల్లి నా రెండు చేతులకీ రాసుకుంటాను. ఒక చేతికి గుడ్డ చుడతాను, ఇంకో చెయ్యి ఎండలో పెడతాను. కాన్‌లో దెల్కసాన్ దుకాణం ఎదురుగా, సముద్రపు ఒడ్డున బెంచీ ఉంది, అక్కడే కూర్చుంటాను. చర్మవ్యాధుల డాక్టరు ఒకాయన, ఆ మెడలన్నిటికీ మందు రాసి రాసి విసిగిపోయినవాడు, వచ్చి చూస్తానన్నాడు. పేపరు నుంచి ఒకమ్మాయి వస్తుంది. ఎండలో ఉన్న చెయ్యి మాత్రమే నల్లబడితే ఇక అనడానికి ఏముంటుంది? కాయదీ తప్పు కాదు, పిండినవాళ్లదీ కాదు. చెప్పకుండా అమ్మినవాడిది.

ఇలా చేశాక నాకు ఈ ఊళ్లో ఏ సెంటు కంపెనీలోనూ పని దొరకదు. ఆ సంగతి నాకు తెలుసు, నువ్వు రాయనక్కర్లేదు.

సెప్టెంబరు ఎండ రోజురోజుకీ పలచబడుతోంది. ఇంకో రెండు వారాలు పోతే ఈ ఎండకి ఏదీ కమలదు. నువ్వు పంపకపోతే వచ్చే ఏడాది దాకా మీరందరూ దొంగలే, నేను అందుకు సాక్షినే. నీ ఇష్టం.

ఎర్సీలియా


గ్రాస్,
సెప్టెంబరు 27, 1973

అక్కా,

నీ రైలు కదిలాక కూడా కిటికీలోంచి ఏదో అరుస్తూనే ఉన్నావు. ఒక్క ముక్క వినపడలేదు. తిట్టే అయి ఉంటుందని చెయ్యి ఊపాను.

బుట్ట ఎవరిచేతైనా పంపుతావనుకున్నాను కానీ, ఒళ్లో పెట్టుకుని నువ్వే దిగుతావనుకోలేదు. ప్లాట్‌ఫారం మీద నన్ను చూసి ముందు ఏమన్నావో గుర్తుందా? "ఎంత చిక్కిపోయావే, ఇంకా నీ మీద కోపం పోలేదు" అన్నావు. రెండూ ఒకే ఊపిరిలో. బెంచీ మీద నేను తొక్క గిల్లుతుంటే చేతిలోంచి లాక్కుని, "మా తోట కాయ, మా చెయ్యి ముందు" అని నీ చేతులకి రాసుకున్నావు చూడు, ఆ పేపరు అమ్మాయి అదే ఫొటో తీసింది. దెల్కసాన్ బయటికొచ్చినప్పుడు నువ్వు మన యాసలో అన్నవేవీ ఆయనకి అర్థం కాలేదు. నీ వేలు మాత్రం అర్థమైంది. రెండడుగులు వెనక్కి వేశాడు.

నువ్వెళ్లాక సంగతి. మర్నాటికి నా చెయ్యి ఎర్రబడి పొంగింది. మూడోనాటికి నల్లబడడం మొదలైంది. డాక్టరు గుడ్డ విప్పి ఇంకో చెయ్యి చూశాడు. పాలలా ఉంది. "ఇందులో కల్తీ ఏమీ లేదు, సూర్యుణ్ని కూడా కల్తీ అంటారా?" అని పేపరువాళ్ల ముందే అన్నాడు. అచ్చేశారు. నీ చెయ్యి ఎలా ఉంది? దాచుకోకుండా రాయి.

దెల్కసాన్ పిలిపించాడు. ఈసారి కాఫీ లేదు. ఎండ గురించి పెట్టె మీద అచ్చు వేస్తాడట. కల్తీ అన్న మాట వెనక్కి తీసుకుంటాడట. కానీ వచ్చే ఏడాది నుంచి 'ఆకుపచ్చ పడవ'లో బెర్గమోట్ ఉండదు. గదిలో తయారుచేసిన మందేదో పోస్తారు, ఎండకీ ఏమీ కాదు, తోటతోనూ పనిలేదు. అది కూడా నన్నే చేసిపెట్టమన్నాడు. "నీకంటే ఆ వాసన ఎవరికి తెలుసు?" అన్నాడు. అక్కా, అన్నిటికన్నా నాకు అప్పుడే ఎక్కువ మండింది. మనల్ని దొంగలన్నప్పుడు కూడా అంత మండలేదు. "నాకు తెలుసు కాబట్టే చెయ్యను" అని లేచి వచ్చేశాను. పేరూ, సీసా, ఆ నారింజల పిల్లా ఆయనవే. ఉంచుకోనీ.

ఒక ముసలాయన సబ్బులు చేస్తాడు, ఆయన దగ్గర చేరాను. సబ్బు కడిగేస్తే పోతుంది కాబట్టి మెడలకి భయం లేదు. జీతం తక్కువ, గదికి తాళం లేదు.

ఎర్సీలియా


సాన్ లియో మరీనా,
అక్టోబరు 21, 1973

చెల్లీ,

నా చెయ్యి మోచేతి దాకా కాలిన రొట్టెలా ఉంది. ఊళ్లో అందరికీ చూపించాను. చూడమని అడగనివాళ్లకి కూడా చూపించాను.

నువ్వు పంపిన పేపరు టీచరమ్మ గానుగ దొడ్లో గట్టిగా చదివింది. నేను ముందే చెప్పాను, దెమెత్రియో గారు ఎక్కడ నిలబడి ఆ కాగితం చదివారో అక్కడే నిలబడి చదవాలని. డాక్టరు మాట వచ్చేసరికి ఆడవాళ్లు "మళ్లీ చదువు, మళ్లీ చదువు" అన్నారు. దెమెత్రియో గారు "మీ చెల్లెలికి మా దండాలు రాయమ్మా" అన్నారు. "చేతులున్నాయిగా, మీరే రాయండి" అన్నాను. రాస్తారో లేదో చూడు. రాయకపోతే చెప్పు.

కల్తీ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నామని మీ దెల్కసాన్ వేయించిన ప్రకటన కూడా చూశాను. ఓడల రాకపోకల పక్కన, ఎక్కడో మూలన, చీమ తల అంత అక్షరాలతో. మనల్ని తిట్టేటప్పుడు అక్షరాలకి కరువు రాలేదేం?

స్టేషన్లో పడి ఉన్న డబ్బాలు సగం ధరకి టీ వర్తకుడు తీసుకెళ్లాడు. ఇంగ్లండులో టీ ఆకులో కలుపుతారట. వచ్చే ఏడు కూడా కొంటానన్నాడు, ఎంతవరకు నిజమో. మీ బావ గోడ వైపు పడుకోవడం మానేశాడు. నువ్వు సెంటు మానేసి సబ్బుల్లోకి దిగావని విని చాలాసేపు తిట్టాడు. నిన్ను కాదు, ఆ దెల్కసాన్‌ని.

నిన్ను అడగకుండా తీర్పు రాశాననే మాట నువ్వు రైల్వే ప్లాట్‌ఫారం మీద కూడా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇప్పుడూ దాని గురించి పెద్దగా రాయను, నాకు రాదు. నీ గది ఊడ్చి, పరుపు ఎండేశాను. క్రిస్మస్‌కి రా.

ఇక అసలు సంగతి. నిన్న సెరఫీనా వచ్చింది. బాదం మిఠాయి పళ్లెం, దాని మీద గుడ్డ, చంకలో పేపరు. ఏమీ జరగనట్టు లోపలికొచ్చి, "పేపర్లోనే పడిందిగా ఒదినా, ఇంక అనుమానమేముంది? వచ్చే నెల తాంబూలాలు పెట్టేసుకుందాం" అంది. బ్రూనో గుమ్మం బయట టోపీ తిప్పుకుంటూ నిలబడ్డాడు.

నేను నోరు తెరిచేలోపు పినా లోపలి నుంచి వచ్చింది. మెడకి రుమాలు లేదు. జుట్టు పైకి ముడేసుకుంది. ఈ మధ్య ఆ పిల్ల అలా బయటికి రావడం నేను చూడలేదు. మచ్చలు ఇంకా ఉన్నాయి, లేత కాఫీ రంగులోకి దిగాయి.

"పేపరు చెబితే నమ్మారు, నేను చెబితే నమ్మలేదు" అంది. అరవలేదు. నెమ్మదిగానే అంది. "మచ్చ పోతోంది లెండి అత్తయ్యా. మీరన్న మాటే పోవట్లేదు."

సెరఫీనా నా వంక చూసింది, పిల్లని మందలిస్తానని. మర్యాదకి నేను కూర్చోమనాలి. అనలేదు. పళ్లెం మీద గుడ్డ సరిగ్గా కప్పి, ఆమె చేతికే ఇచ్చి, గుమ్మం దాకా వెళ్లి తలుపు తీశాను.

నీ అక్క,
కొన్సోలాత